పాలు పడనివాళ్లు మేకపాల చీజ్ తినొచ్చా? ఇంట్లో ఎలా చేసుకోవాలి

"పాలు తాగితే కడుపు ఉబ్బుతోంది. డాక్టర్ కొన్నాళ్లు మానేయమన్నారు. మేకపాల చీజ్ అయితే పర్లేదా?" హన్మకొండ, పరకాల, నర్సంపేట వైపు నుంచి అందరూ ఇదే అడుగుతున్నారు. వెంటనే ఇంకో మాట కూడా: "షాపులో చిన్న డబ్బా రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఊళ్లో మందలున్నాయి కదా, ఇంట్లో చేసుకోలేమా?"

చేసుకోవచ్చు. ఖరీదైన సామాను అక్కర్లేదు. కాకపోతే మేకపాలు కూడా పాలే. "మేకపాలు అందరికీ పడతాయి" అన్న మాట పట్టుకుని చేస్తే కొందరికి కడుపునొప్పితో పోతుంది, కొందరికి ప్రాణం మీదికొస్తుంది. అందుకే పొయ్యి వెలిగించే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి.

ముందు మీకు పడనిది ఏమిటో తేల్చుకోండి

పాలు పడకపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఈ రెండింటికీ పొత్తు లేదు.

మొదటిది లాక్టోజ్ అరగకపోవడం. లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర. పాలు తాగిన అరగంట నుంచి కొన్ని గంటల్లోపు ఉబ్బరం, గ్యాస్, కడుపులో గుడగుడ, విరేచనాలు వస్తాయి. ఇబ్బందే గానీ ప్రమాదం కాదు. నూరు మిల్లీలీటర్ల బర్రెపాలలో సుమారు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటే, ఆవుపాలలో 4.7, మేకపాలలో 4.3 దగ్గర ఉంటుంది. అంటే గ్లాసు బర్రెపాలు పడనివాళ్లకు గ్లాసు మేకపాలు కూడా పడవు. చీజ్ సంగతి వేరు. చీజ్ చేసేటప్పుడు లాక్టోజ్‌లో ఎక్కువ భాగం విరుగుడు నీళ్లతో పాటు బయటికి పోతుంది. కాబట్టి మీది ఈ రకం అయితే ఈ వ్యాసం మీకోసమే.

రెండోది పాల ప్రొటీన్‌కు అలర్జీ. ఒంటి మీద దద్దుర్లు, పెదాలు, కళ్లు వాయడం, వాంతులు, ఊపిరి అందకపోవడం, అదీ తిన్న నిమిషాల్లో మొదలవడం దీని గుర్తులు. ఆవుపాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవాళ్లలో పదికి తొమ్మిది మంది దాకా మేకపాలకూ అలాగే స్పందిస్తారు, ఎందుకంటే రెండింటి ప్రొటీన్లూ చాలా దగ్గరగా ఉంటాయి. మీకు గానీ మీ పిల్లలకు గానీ ఇది ఉంటే తయారీ భాగం వదిలేసి నేరుగా చివరి భాగానికి వెళ్లండి. "కొంచెం రుచి చూస్తే ఏమవుతుంది" అనే ప్రయోగం ఇంట్లో చేయొద్దు.

ఇంకో హెచ్చరిక. ఏడాది లోపు పిల్లలకు తల్లిపాలు చాలడం లేదని మేకపాలు పట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. మేకపాలలో ఫోలేట్ అనే విటమిన్ చాలా తక్కువ, పసిపిల్లలకు రక్తహీనత వస్తుంది. పట్టొద్దు.

మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపేంత విరేచనాలు ఉంటే అది పాల సమస్య అని మీకు మీరే తీర్మానించుకోకండి. డాక్టర్‌కు చూపించండి.

ఇవేవీ లేకుండా ఉబ్బరం, గ్యాసే అయితే ఇంట్లో ఇలా పరీక్షించుకోవచ్చు:

1. రెండు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, పనీర్, కోవా స్వీట్లు, ఐస్‌క్రీం పూర్తిగా మానేయండి. చాయ్ కూడా నల్లదే తాగండి. మన దగ్గర ఇదే అసలు కష్టం.
2. ఏం తిన్నారో, కడుపు ఎలా ఉందో రోజూ ఒక ముక్క రాసుకోండి.
3. రెండు వారాలకు హాయిగా అనిపిస్తే, ఒక పొద్దున పరగడుపున గ్లాసు పాలు తాగి సాయంత్రం దాకా చూడండి. పాత బాధ తిరిగొస్తే లాక్టోజ్ మీద అనుమానం గట్టిపడినట్టే. మానినా తేడా లేకపోతే కారణం ఇంకేదో ఉంది.

ఖాయంగా తెలియాలంటే గ్యాస్ట్రో డాక్టర్లు హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్, అంటే ఊదిన ఊపిరిని కొలిచే పరీక్ష, రాస్తారు.

ఒక మాట చాలామంది నమ్మరు: లాక్టోజ్ పడనివాళ్లలో ఎక్కువమందికి ఒక్కసారికి 12 గ్రాముల వరకు లాక్టోజ్ పెద్దగా ఇబ్బంది చేయదు, అదీ తిండితో పాటు అయితే. అంటే దాదాపు గ్లాసు పాలలో ఉండేంత. చిన్న కప్పు చాయ్‌లో పడే పాలు అందులో నాలుగో వంతు కూడా ఉండవు. కాబట్టి జీవితాంతం చాయ్ మానాలని ఇప్పుడే టెన్షన్ పడకండి.

కావలసినవి

- మేకపాలు 1 లీటరు (150 నుంచి 200 గ్రాముల మెత్తటి చీజ్ వస్తుంది)
- పుల్లబడని తాజా పెరుగు ఒక పెద్ద చెంచా, తోడుకు
- ఉప్పు అర చిన్న చెంచా
- మందపాటి అడుగున్న స్టీల్ గంజు, దాన్ని దింపి పెట్టేంత పెద్ద గిన్నె ఇంకొకటి
- రెండు మడతల పల్చని తెల్ల నూలు గుడ్డ. ధోవతి గుడ్డ బాగుంటుంది. సబ్బు వాసన లేకుండా నీళ్లలో మరిగించి ఆరబెట్టండి
- జల్లెడ గిన్నె, వేలాడదీయడానికి తాడు

అల్యూమినియం, కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెలు వద్దు. పులుపు తగిలితే లోహం రుచి చీజ్‌లోకి దిగుతుంది. థర్మామీటర్ ఉంటే మంచిదే, లేకపోయినా పని జరుగుతుంది.

పాలు తెచ్చుకోవడం

చీజ్ పాడైందని చెప్పినవాళ్లను అడిగితే, పదిలో ఎనిమిది సార్లు తప్పు పొయ్యి దగ్గర కాదు, పాలు తెచ్చిన చోటే దొరుకుతుంది. అందుకే ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి.

మన నాటు మేకలను పెంచేది మాంసం కోసం, పాల కోసం కాదు. పిల్లలు తాగగా మిగిలేది పూటకు అరలీటరు కూడా ఉండకపోవచ్చు. లీటరు కావాలంటే నాలుగైదు మేకల పాలు కలపాల్సిందే. కాబట్టి జీవాలు పెంచే ఇంటికి ముందురోజే చెప్పి పెట్టండి. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనే నమ్మకంతో మేకపాలకు గిరాకీ లేచి, రేటు ఎక్కడికో పోతుంది. ఆ నమ్మకానికి రుజువు లేదు, రేటు మాత్రం నిజం. వానాకాలం చివర్లో చీజ్ ప్రయత్నం పెట్టుకోకపోవడమే మేలు.

పాలు ఇచ్చేవాళ్లను ఈ నాలుగూ అడగండి:

- మేక ఈని ఎన్నాళ్లయింది? వారం లోపు పాలు వద్దు. ముర్రుపాలు మరిగించగానే గడ్డకడతాయి. అవి జున్నుకు బాగుంటాయి, దీనికి పనికిరావు.
- ఈమధ్య సూదిమందు ఏమైనా వేశారా? యాంటీబయాటిక్ కలిసిన పాలు తోడుకోవు, ఆరోగ్యానికీ మంచివి కావు.
- పొదుగు వాపు ఉందా? పాలలో దారాలు, రక్తపు చార కనిపిస్తే ఆ మేక పాలు కలపొద్దని చెప్పండి.
- పోతును పాడి మేకలతోనే కట్టేస్తారా? పోతు పక్కనే ఉంటే పాలకు ఆ వాసన అంటుకుంటుంది.

పిండిన గంటలోపు ఇల్లు చేరితే మంచిది. ఎండాకాలం వరంగల్‌లో నలభై డిగ్రీలు దాటాక ఇంకా తొందరపడాలి. స్టీల్ క్యాన్‌ను ఐసు ముక్కలు వేసిన బకెట్‌లో పెట్టి తెచ్చుకోండి. ప్లాస్టిక్ సీసా వద్దు. దారి పొడుగునా బాగా కుదిపితే కొవ్వు చితికి, మేక వాసన పెరుగుతుంది.

పచ్చి మేకపాలు రుచి కూడా చూడొద్దు. బ్రూసెల్లోసిస్ అనే జ్వరం పచ్చి మేకపాల నుంచి మనుషులకు వస్తుందని 1905లోనే మాల్టా ద్వీపంలో కనిపెట్టారు. వచ్చిందంటే నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు. "అప్పుడే పిండిన పాలు, వెచ్చగా తాగు" అని ప్రేమగా గ్లాసు చేతికిచ్చినా సున్నితంగా కాదనండి. గర్భిణులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

తయారీ

ఇది తోడు వేసి చేసే పద్ధతి. నిమ్మకాయ పిండితే అరగంటలో అయిపోతుంది కదా అంటారు. అవుతుంది, దాని గురించి కింద రాశాను. పాలు పడనివాళ్లకు మాత్రం నేను తోడు పద్ధతే చెబుతాను. పెరుగులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లతో కారిపోతుంది.

1. రెండు చెంచాల పాలు చిన్న గిన్నెలో వేసి మరిగించి చూడండి. విరిగితే పాలు పాతవి. అక్కడే ఆగండి.

2. మిగతా పాలు వడకట్టి, గంజులో పోసి మధ్యస్థ మంట మీద పెట్టండి. మేకపాలు తొందరగా అడుగంటుతాయి, గరిటెతో అడుగు తాకేలా తిప్పుతూ ఉండండి. ఒక పొంగు వచ్చాక సిమ్‌లో రెండు నిమిషాలు ఉంచి దింపండి. ఇంకా మరిగిస్తే వండిన వాసన వస్తుంది, చీజ్ ఇసుకలా అవుతుంది.

3. గంజును చన్నీళ్ల గిన్నెలో పెట్టి చల్లార్చండి. వేలు ముంచితే గోరువెచ్చగా, హాయిగా ఉండాలి. థర్మామీటర్‌లో 40 నుంచి 42 డిగ్రీలు. పైన మీగడ కడుతుందని ఎదురుచూడకండి. మేకపాలలో కొవ్వు కణాలు చిన్నవి, మందపాటి మీగడ రాదు. అది కల్తీ కాదు.

4. పెరుగును గట్టిగా గిలక్కొట్టి, కొన్ని పాలతో పలుచన చేసి మొత్తంలో కలపండి. మూతపెట్టి కదపకుండా వదిలేయండి. ఎండాకాలం ఆరేడు గంటలు చాలు. డిసెంబర్, జనవరి చలిలో పది, పన్నెండు గంటలు పడుతుంది. అప్పుడు గంజుకు దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో పెట్టండి.

5. తోడుకున్నాక గిన్నెను వంచి చూడండి. బర్రె పెరుగులా గడ్డగా ఉండదు, జారుగా ఉంటుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి పారబోస్తారు. పక్కన పలుచని పసుపు నీళ్లు కనిపించి, కమ్మటి పులుపు వాసన వస్తే చాలు, సరిగ్గానే ఉంది.

6. ఇదే ఈ పద్ధతికి కీలకం. తోడుకున్న గంజును వేడినీళ్ల గిన్నెలో దింపండి. కలపొద్దు. కింద చాలా చిన్న మంట. పెరుగులో శుభ్రమైన వేలు పెడితే నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగేంత వేడి, అంటే 50 డిగ్రీల దగ్గర, రావాలి. పది, పదిహేను నిమిషాల్లో పెరుగు కుంచించుకుని చుట్టూ నీళ్లు తేరుకుంటాయి. మంట ఆపి, అలాగే చల్లారనివ్వండి. ఈ మెట్టు దాటేస్తే సగం చీజ్ గుడ్డలోంచి పాలలా కారిపోతుంది.

7. జల్లెడ మీద తడి గుడ్డ పరిచి, గరిటెతో నెమ్మదిగా వేయండి. ఒక్కసారిగా కుమ్మరించొద్దు. అరగంట అలాగే వదిలి, తర్వాత మూటకట్టి వేలాడదీయండి. పిండకండి, పిండితే గుడ్డ కన్నాల్లోంచి చీజే బయటికొస్తుంది.

8. ఆరు గంటలకు రొట్టె మీద రాసుకునేంత మెత్తగా, పన్నెండు గంటలకు ఉండ చేసేంత గట్టిగా వస్తుంది. మీకు కావాల్సింది రెండోదే, నీళ్లు ఎంత పోతే లాక్టోజ్ అంత పోతుంది. చలికాలం తప్ప మిగతా రోజుల్లో మూటను ఫ్రిజ్‌లోనే వేలాడదీయండి, లేదంటే జల్లెడతో సహా లోపల పెట్టండి.

9. ఉప్పు కలిపి, మూత గట్టి డబ్బాలో ఫ్రిజ్‌లో దాచండి. నాలుగు రోజుల్లో తినేయండి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించుకోండి, అప్పుడు రెండు రోజుల్లోనే అయిపోవాలి.

వేడి జొన్నరొట్టె మీద రాసి, పక్కన పచ్చిమిర్చి తొక్కు పెట్టుకుంటే దీని అసలు రుచి తెలుస్తుంది. పుదీనా, దంచిన మిరియాలు కలిపినా బాగుంటుంది.

తొందరగా కావాలంటే: నిమ్మకాయ పద్ధతి

పాలు పొంగు వచ్చాక దింపి మూడు నిమిషాలు ఆగండి. మూడు పెద్ద చెంచాల నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా పోస్తూ నెమ్మదిగా తిప్పండి. నీళ్లు తేటపడి లేత పసుపు రంగుకు రాగానే ఆపేయండి. పది నిమిషాలు ఆగి వడకట్టండి. మేకపాలు పెద్ద పెద్ద ముక్కలుగా విరగవు, సన్నటి రవ్వలా విరుగుతాయి. కాబట్టి జల్లెడ ఒక్కటే చాలదు, గుడ్డ తప్పనిసరి.

ఇందులో లాక్టోజ్‌ను తినే బ్యాక్టీరియా లేదు. అందుకే గుడ్డలో ఉన్నప్పుడే మరిగించి చల్లార్చిన నీళ్లు రెండు గ్లాసులు పోసి కడగండి. లాక్టోజ్ నీళ్లలో కరుగుతుంది, కడిగేకొద్దీ ఇంకొంత పోతుంది, నిమ్మ పులుపూ తగ్గుతుంది. తర్వాత మూడు గంటలు వేలాడదీస్తే చాలు. పనీర్‌లా చదరాలుగా కోసి నూనెలో వేయించాలనుకుంటే ఆశ వదులుకోండి, ఇది పొడిపొడిగా విడిపోతుంది. కోడిగుడ్డు పొరటులా ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి వేయించుకోవడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది.

ఎక్కడ తప్పు జరుగుతుంది

చేదు వచ్చిందంటే పాలు పాతవి, లేదా తోడు ఎక్కువసేపు వదిలేశారు. మేక వాసన ముక్కు పగలగొడుతోందంటే పిండిన పాలు చల్లబరచడం ఆలస్యమైంది, లేదా పోతు దగ్గరుంది. చేశాక దీనికి మందు లేదు, వెల్లుల్లి కలిపి కొంత కప్పిపుచ్చుకోవచ్చంతే. రబ్బరులా సాగిందంటే ఆరో మెట్టులో వేడి ఎక్కువైంది. ఎంతసేపైనా తోడుకోలేదంటే తోడు వేసినప్పుడు పాలు మరీ వేడిగా ఉన్నాయి, లేదంటే సూదిమందు అనుమానం. అలాంటప్పుడు ఇంకో చెంచా పెరుగు వేసి మళ్లీ రాత్రంతా ఉంచొద్దు. ఆ పాలు పారబోయండి.

గులాబీ, నారింజ మచ్చలు కనిపించినా, జిగట దారాలు సాగినా, ఈస్ట్ వాసన వచ్చి బుడగలు లేచినా పైపైన గీసి తినే ప్రయత్నం చేయొద్దు. మొత్తం పారేయండి.

ఇంకో పొరపాటు, అందరూ మంచి మనసుతో చేసేది: విరుగుడు నీళ్లు పారబోయడానికి మనసొప్పక రొట్టె పిండి కలపడానికో, పచ్చి పులుసులోకో వాడటం. మీరు బయటికి పంపిన లాక్టోజ్ అంతా ఆ నీళ్లలోనే ఉంది. ఇంట్లో పాలు పడేవాళ్లకు ఇవ్వండి, లేదా నీళ్లు బాగా కలిపి కరివేపాకు చెట్టుకు పోయండి.

మీకు పడిందో లేదో చూసుకోవడం

మొదటి రోజు ఒక చిన్న చెంచాడు, మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత. ఆ రోజు మిగతా పాల పదార్థాలేవీ వద్దు. బాగుంటే రెండు రోజులాగి రెండు చెంచాలు, ఆ తర్వాత 30 గ్రాములు, అంటే నిమ్మకాయంత ఉండ. ఎక్కడ ఉబ్బరం మొదలైతే అంతకు ముందు కొలతే మీ హద్దు. పరగడుపున తిని, ఆ వెంటనే చాయ్ తాగి, సాయంత్రం బిర్యానీతో పెరుగు చట్నీ తిని "మేక చీజ్ పడలేదు" అంటే దేన్ని తప్పుపట్టాలో తెలియదు.

షాపు చీజ్ గురించి ఒక మాట. నెలల తరబడి మగ్గబెట్టిన గట్టి చీజ్‌లో, చెడ్డార్ లాంటివాటిలో, లాక్టోజ్ దాదాపు ఉండదు, అది ఆవుపాలదైనా సరే. తాజా మేక చీజ్‌లో కొంత మిగిలే ఉంటుంది. కాబట్టి లాక్టోజ్ ఒక్కటే మీ బాధ అయితే మేక అన్న పేరు కన్నా ఎంత మగ్గింది అన్నదే చూసుకోవాలి. ప్రాసెస్డ్ స్లైసుల్లో పాలపొడి కలుపుతారు, వాటిని ఇందులో లెక్కపెట్టొద్దు.

అలర్జీ ఉన్నవాళ్లకు, ఇదీ పడనివాళ్లకు

చీజ్‌లా రాసుకోవడానికి: కప్పు జీడిపప్పు నాలుగు గంటలు నానబెట్టి, నిమ్మరసం, వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, రెండు మూడు చెంచాల నీళ్లతో వెన్నలా రుబ్బండి. జీడిపప్పు బదులు రాత్రంతా నానబెట్టి ఉడికించిన పల్లీలు వాడినా సరిపోతుంది, చవక కూడా. పల్లీలు, జీడిపప్పు కూడా కొందరికి అలర్జీ చేస్తాయి, అది ముందే చూసుకోండి.

పాలు మానితే కాల్షియం ఎక్కడి నుంచి అని భయపడతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల తైదల్లో (రాగుల్లో) 364 మిల్లీగ్రాములు, మునగాకులో 314, తెల్ల నువ్వుల్లో 1,280 దాకా కాల్షియం ఉంది. ఆవుపాలలో 118. నువ్వులను పాలలా గ్లాసులకొద్దీ తీసుకోలేం, అందులోది అంతా ఒంటికి పట్టదు కూడా. అయినా పొద్దున తైదంబలి, వారానికి రెండుసార్లు మునగాకు పప్పు, నువ్వుల పొడి అలవాటు చేసుకుంటే చాలావరకు పూడుతుంది. ముళ్లతో నమిలే చిన్న చేపలు తినేవాళ్లకు ఇంకా సులువు. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, ఎముకలు బలహీనపడ్డ పెద్దవాళ్లకు మాత్రం డాక్టర్‌ను అడిగి మాత్రలు నిర్ణయించుకోవాలి.

ప్యాకెట్ మీద వెనకవైపు చదవండి. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పాలు ఉంటే అలర్జీ హెచ్చరికలో చెప్పి తీరాలి. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్ అన్న మాటలన్నీ పాలే. బిస్కెట్లు, బ్రెడ్డు, చిప్స్ మసాలా, పిల్లలు తాగే పొడులు, చాక్లెట్లు చూడండి. విడిగా అమ్మే స్వీట్లకు వెనకవైపు ఉండదు కాబట్టి అలర్జీ ఉన్నవాళ్లు వాటి జోలికి పోవద్దు. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు, లాక్టోజ్ బాధ ఉన్నవాళ్లు నిశ్చింతగా వేసుకోవచ్చు. గట్టి అలర్జీ ఉన్నవాళ్లకు మాత్రం అందులో మిగిలే కొద్దిపాటి ప్రొటీన్ కూడా ప్రమాదమే. చాలా మాత్రల్లో పూరకంగా లాక్టోజ్ వాడతారు. ఆ కొంచెం లాక్టోజ్ అరగనివాళ్లను సాధారణంగా ఏమీ చేయదు, అలర్జీ ఉంటే మాత్రం మందు రాసేటప్పుడే డాక్టర్‌కు చెప్పండి.